మన్యం వీరుడి అమ్మమ్మగారిల్లు

*జిల్లాకు ఆయన పేరు పెట్టుకున్నాం. భోగాపురం విమానాశ్రయానికీ పెట్టుకున్నాం. అల్లూరి సీతారామరాజు పుట్టిన పాండ్రంగి మాత్రం విశాఖ వాసుల్లో చాలామందికి జూలై 4న పేపర్లో కనిపించే పేరే. ఇప్పుడు ఆ పుట్టిల్లు మళ్లీ వార్తల్లోకి వచ్చింది. ఇంతకీ ఒక నాయకుడి ఇంటికి వెళ్లి మనం చూడాల్సింది ఏమిటి?*

జూలై నాలుగో తేదీ తెల్లారేసరికి పాండ్రంగిలో బడిపిల్లలున్న ఇళ్లలో కాటుక భరిణెలు బయటికొస్తాయి. పదేళ్ల బుగ్గల మీద గడ్డం మొలుస్తుంది. పెదవి పైన మీసం మెలి తిరుగుతుంది. ఇంట్లో కాషాయం రంగు చీర ఉంటే అది ఆ పూటకి ఉత్తరీయం. వెదురు బద్దను వంచి పురికొస కడితే విల్లు, కొబ్బరీనె చెక్కితే బాణం. ‘కదలకురా, గెడ్డం చెరిగిపోద్ది’ అని తల్లి కసురుతుంటే బుల్లి సీతారామరాజు ఊపిరి బిగబట్టి నిలబడతాడు. ఎండెక్కే వేళకి ఊళ్లోకి కార్లు వస్తాయి. దండలు పడతాయి, నినాదాలు లేస్తాయి. ఎక్కడో మన్యంలో జరిగిన పోరాటం కథ గోస్తనీ తీరాన మైకులో మోగుతుంది. జెండా కర్రలు పట్టుకుని నిలబడ్డ పిల్లల్లో ఒకడికి ఆ సందట్లోనే అనుమానం వస్తుంది: ఆయన కొండల్లో కదా యుద్ధం చేశాడు, మరి మా ఊళ్లో ఎందుకు పుట్టాడు?

చిన్న ప్రశ్నే. పాండ్రంగి ఇంటిని ఎలా కాపాడుకోవాలి, అందులో ఏం చూపించాలి అన్న పెద్ద చర్చకు మొదలు అక్కడే ఉంది.

పురిటికి వచ్చిన ఇల్లు

అల్లూరి వారిది పశ్చిమ గోదావరి జిల్లా భీమవరం దగ్గర మోగల్లు. తండ్రి వెంకటరామరాజు. తల్లి సూర్యనారాయణమ్మది ఇప్పటి విశాఖపట్నం జిల్లా పద్మనాభం మండలంలోని పాండ్రంగి. తెలుగింటి ఆనవాయితీ తెలిసిందే, ఆడపిల్ల పురిటికి పుట్టింటికి వస్తుంది. అలా 1897 జూలై 4న సూర్యనారాయణమ్మ పుట్టింట్లో, మాతామహుడి గడపలో రాజు పుట్టాడు. మన దేశంలో నాయకుల జన్మస్థలాలు చాలావాటిని ఈ ఆనవాయితీయే నిర్ణయించింది. తండ్రి ఇంటిపేరు చరిత్రలోకి ఎక్కితే, తల్లి ఊరు పుట్టినచోటుగా మిగిలింది. పాండ్రంగి ఇంటి గురించి మొదట చెప్పుకోవాల్సింది అదే. అది అమ్మమ్మగారిల్లు, ఒక ఆడపడుచు నొప్పులు పడ్డ ఇల్లు. ఆ గడప దాటి లోపలికి వెళ్లే సందర్శకుడికి మొదట కనిపించాల్సిన పేరు సూర్యనారాయణమ్మది.

ఆ నేలకి అంతకుముందే ఒక కథ ఉంది. ఈస్టిండియా కంపెనీ అడిగిన పేష్కష్ (కప్పం) దగ్గర తగవు ముదిరి, విజయనగరం ప్రభువు చిన విజయరామరాజు కంపెనీ సేనల చేతిలో ప్రాణాలు విడిచింది ఈ పద్మనాభం దగ్గరే, 1794 జూలై 10న. ఒక శతాబ్దం గడిచాక అదే చుట్టుపక్కల పుట్టిన పసివాడు పెరిగి పెద్దవాడై అదే తెల్లవాళ్ల ప్రభుత్వాన్ని రెండేళ్ల పాటు నిద్రపోనివ్వలేదు. ఆ ఊళ్లమీదుగా పారే గోస్తనీ మీద తాటిపూడి జలాశయం కట్టారు. విశాఖ నగరం గొంతు తడిపే నీళ్లలో కొన్ని అక్కడివే. నీళ్లొచ్చే దారి నగరానికి తెలుసు. చరిత్ర వచ్చిన దారే అంతగా తెలియదు.

2022 జూలై 4న భీమవరంలో అల్లూరి 125వ జయంతి ఉత్సవాలు మొదలయ్యాయి. ప్రధాని నరేంద్ర మోదీ 30 అడుగుల కంచు విగ్రహాన్ని ఆవిష్కరించారు. పాండ్రంగిలోని జన్మస్థలాన్ని పునరుద్ధరిస్తామని, రాజు నడిపిన రంపా పోరాటానికి నూరేళ్లవుతున్న సందర్భంగా చింతపల్లి పోలీస్ స్టేషన్‌ను బాగుచేస్తామని, మోగల్లులో ధ్యానమందిరం కడతామని కేంద్రం ఆ సందర్భంలోనే ప్రకటించింది. అంతకు మూడు నెలల ముందు, ఏప్రిల్ 4న, పాడేరు కేంద్రంగా అల్లూరి సీతారామరాజు జిల్లా పుట్టింది. మార్చిలో ‘ఆర్‌ఆర్‌ఆర్’ సినిమా వచ్చి రాజు పేరును, కల్పిత కథలోనే అయినా, ప్రపంచమంతా తిప్పింది. ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం ఆయన పేరు మోస్తోంది. పాండ్రంగికి అదేమంత దూరం కాదు. విమానం దిగినవాళ్లు ‘ఈ అల్లూరి ఎవరు?’ అని అడిగితే చూపించడానికి దగ్గర్లో ఒక ఇల్లుండాలన్న మాట అందుకే గట్టిగా వినిపిస్తోంది.

నిలకడ లేని బాల్యం

బాల్యగృహం అనగానే మనకో బొమ్మ కళ్లముందు కదులుతుంది. ఒక అరుగు, ఒక ఉయ్యాల, పలక మీద అక్షరాలు దిద్దిన మూల, పెరట్లో ఎక్కిన చెట్టు. రాజు విషయంలో ఆ బొమ్మ కుదరదు. అతని బాల్యం ఒక ఇంట్లో గడవలేదు.

తండ్రి వెంకటరామరాజు ఫొటోగ్రాఫర్. 1902లో రాజమండ్రి చేరి అక్కడే స్థిరపడ్డాడు. పెద్ద పెట్టె కెమెరాలు, గాజు పలకలు, నల్లగుడ్డ కింద తలదూర్చి చూసే కాలం అది. తెల్లదొరకు సలాం కొట్టినందుకు కొడుకును తండ్రి మందలించాడని ఒక కథ చెబుతారు. 1908లో గోదావరి పుష్కరాలకు జనం పోటెత్తారు. ఆ జనంతో పాటే కలరా వచ్చింది. వెంకటరామరాజును అదే పొట్టన పెట్టుకుంది. అప్పటికి రాజుకు పదకొండేళ్లు. తరువాత చెల్లెలు సీతమ్మ, తమ్ముడు సత్యనారాయణరాజు. ముగ్గురు పిల్లలతో ఒంటరైన సూర్యనారాయణమ్మకు పెద్ద ఆసరా పిల్లల పినతండ్రి రామకృష్ణంరాజు. ఆయన తహసీల్దారు.

అక్కణ్నుంచి ఊళ్లు మారడమే రాజు చదువు. కొవ్వాడ నుంచి నడుచుకుంటూ భీమవరం మిషన్ స్కూలుకు వెళ్లాడు. నరసాపురంలో చదివాడు. ఆ పక్కనే చించినాడలో గుర్రపు స్వారీ నేర్చాడంటారు. రాజమండ్రి, రామచంద్రపురం అయ్యాక కాకినాడ పిఠాపురం రాజా కళాశాలలో చేరాడు. తరువాతి కాలంలో స్వాతంత్ర్య సమరయోధుడిగా, పత్రికా సంపాదకుడిగా పేరుతెచ్చుకున్న మద్దూరి అన్నపూర్ణయ్య అక్కడ అతనికి సహాధ్యాయి. ఆ తరువాత విశాఖపట్నం, ఏవీఎన్ కళాశాల. సర్ సీవీ రామన్, శ్రీశ్రీ చదివిన కళాశాల అదే. ఆపైన తునిలో తల్లి కాపురం. అక్కడి నుంచి చూస్తే మన్యం కొండలు కనుచూపు మేరలో ఉంటాయి.

తరగతి గదిలో కుదురుగా కూర్చున్న పిల్లవాడు కాదని అందరూ ఒప్పుకునేదే. జ్యోతిషం, వైద్యం, మంత్రశాస్త్రం, గుర్రాలు, యాత్రలు అతని మనసు లాగాయి. 1916లో ఉత్తర దేశ యాత్రకు బయలుదేరాడు. 1917లో కృష్ణదేవిపేట చేరాడు. ఇరవై ఏళ్లు వచ్చేసరికి లెక్కలేనన్ని గడపలు తొక్కాడు, అందులో సొంత గడప అనదగ్గది దాదాపు లేదు. కొండ జనం ఆ సన్యాసి కుర్రవాణ్ని తమవాడిగా చేర్చుకోవడం వెనక ఈ సంచారం ఉంది. ఏ ఊరికి వెళ్తే ఆ ఊరి అన్నం తినడం చిన్నప్పుడే అలవాటైనవాడు కదా.

అందుకే పాండ్రంగి ఇంట్లో ‘రాజు ఇక్కడ ఆడుకున్నాడు, ఇక్కడ చదువుకున్నాడు’ అని మూలమూలనా బోర్డులు పెడితే అది కథ అవుతుంది కానీ చరిత్ర కాదు. అతని బాల్యం ఒక పటం. ఆ పటంలో మొదటి చుక్క పాండ్రంగి.

---
రాజు నడిచిన దారి

• 1897: పాండ్రంగిలో జననం
• 1902: తండ్రి రాజమండ్రిలో స్థిరపడడం
• 1908: పుష్కరాల కలరాలో తండ్రి మరణం
• 1916: ఉత్తర దేశ యాత్ర
• 1917: కృష్ణదేవిపేట రాక
• 1922 ఆగస్టు 22: చింతపల్లి ఠాణాపై దాడి
• 1924 మే 7: కొయ్యూరులో కాల్చివేత. అప్పటికి 27 ఏళ్లు నిండలేదు. సమాధి కృష్ణదేవిపేటలో ఉంది
• 1986: తపాలా బిళ్ల విడుదల
---

ఒకే ఏడు, రెండు ఇళ్లు

అదే 1897లో, రాజు కంటే అయిదు నెలలకు పైగా ముందు, అదే తూర్పు తీరాన కటక్‌లో మరో పిల్లవాడు పుట్టాడు. జనవరి 23న పుట్టిన సుభాష్ చంద్రబోస్. రైలెక్కితే కటక్ విశాఖ నుంచి కొన్ని గంటల ప్రయాణం. తండ్రి జానకీనాథ్ బోస్ పేరున్న వకీలు. ఒడియా బజార్‌లోని ఆ పెద్ద ఇల్లు జానకీనాథ్ భవన్, నేడు నేతాజీ జన్మస్థల మ్యూజియం. పద్నాలుగు మంది సంతానంలో తొమ్మిదోవాడు పెరిగిన ఇల్లు, చదివిన రావెన్‌షా బడి, రాసిన ఉత్తరాలు అన్నీ నిలిచాయి. కలవారి ఇళ్లకు కాగితాలుంటాయి. బీరువాలుంటాయి, వాటికి తాళాలుంటాయి, తాళాలు అప్పజెప్పడానికి వారసులుంటారు.

రాజు కుటుంబానికి ఆ వెసులుబాటు లేదు. తండ్రి పోయిన ఇల్లాలు ముగ్గురు పిల్లలతో ఊరూరూ మారుతూ ఏ పెట్టెలు మోసుకెళ్లగలదు? కొడుకు తలకు పదివేల రూపాయల వెల కట్టిన ప్రభుత్వం ఉన్న రోజుల్లో ఏ కాగితం దాచగలదు? ఒక నాయకుడి ఇల్లు మ్యూజియం కావడానికి ఆయన గొప్పతనం ఒక్కటీ చాలదని ఈ రెండు ఇళ్లూ చెబుతాయి. ఆస్తి, కుదురు, కాగితం కూడా కావాలి. అవి లేనివాళ్ల ఇళ్లు నిలబెట్టుకోవాలంటే సమాజం ఆ మేరకు ఎక్కువ కష్టపడాలి.

---
ఇల్లిల్లూ ఒక కథ

పోర్‌బందర్: గాంధీజీ పుట్టిన పాత ఇంటిని అలాగే ఉంచి పక్కనే కీర్తిమందిర్ కట్టారు. 1950 మే 27న సర్దార్ పటేల్ ప్రారంభించారు. బాపూజీ 79 ఏళ్ల జీవితానికి గుర్తుగా మందిరం ఎత్తు 79 అడుగులు. ఆయన పుట్టిన చోట నేలమీద స్వస్తిక్ గుర్తు ఉంటుంది.

వంగర: పీవీ నరసింహారావు పుట్టింది అమ్మమ్మగారి ఊరు లక్నేపల్లిలో, దత్తుకు వెళ్లి పెరిగింది వంగరలో. స్మారక మ్యూజియంగా మారింది వంగర ఇల్లు. విశాఖ ఉక్కు కర్మాగారాన్ని 1992 ఆగస్టు 1న జాతికి అంకితం చేసిన ప్రధాని ఆయనే.

రామేశ్వరం: మసీదు వీధిలో అబ్దుల్ కలాం కుటుంబం ఇంటి పై అంతస్తు మ్యూజియం.

హాడ్జెన్‌విల్, అమెరికా: అబ్రహాం లింకన్ పుట్టిన దుంగల గుడిసె అంటూ దాని చుట్టూ పాలరాతి, గ్రానైట్ రాళ్లతో పెద్ద భవనమే కట్టారు. తీరా కలపలోని వలయాలను పరీక్షిస్తే ఆ దుంగలు లింకన్ పుట్టిన చాలా ఏళ్లకు నరికినవని తేలింది. ఇప్పుడు దాన్ని ‘ప్రతీకాత్మక గుడిసె’ అనే పిలుస్తున్నారు.
---

ఊళ్లు పోయిన నగరం

ఇల్లు పోవడమంటే ఏమిటో విశాఖకు వేరే చెప్పనక్కర్లేదు. రాజు పుట్టిననాటికి ఇక్కడ నౌకాశ్రయం లేదు. 1933లో అది మొదలైంది. తరువాత నౌకల కర్మాగారం, నౌకాదళం, చమురు శుద్ధి కర్మాగారం వచ్చాయి. ‘విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు’ అని 1966లో జనం వీధుల్లోకి వచ్చి 32 ప్రాణాలు బలిచ్చాక ఉక్కు కర్మాగారం వచ్చింది. దాని కోసం అరవైకి పైగా గ్రామాలు ఖాళీ అయ్యాయి. ఆ ఊళ్ల పేర్లు ఇప్పుడు నిర్వాసిత కాలనీల పేర్లలో, పెళ్లి శుభలేఖల్లో, ముసలివాళ్ల మాటల్లో బతుకుతున్నాయి. గాజువాక వైపు ఏ పెద్దాయన పక్కన కూర్చున్నా ఫర్నేసు నిలబడ్డ చోట ఒకప్పుడు ఎవరి కళ్లం ఉండేదో చెప్పగలడు.

అలాంటి నగరం ఒక ఇంటిని కాపాడుకోవాలనుకోవడంలో అర్థముంది. పని కోసం ఊరు వదులుకున్నవాళ్లే ఊరి విలువ తెలిసినవాళ్లు. బీచ్ రోడ్డులో డచ్చివారి కాలపు బంగళాలో విశాఖ మ్యూజియం 1991 నుంచి ఉంది. కుర్సురా జలాంతర్గామిని 2002లో ఒడ్డుకు చేర్చి మ్యూజియం చేశారు. టీయూ-142 యుద్ధవిమానం కూడా దాని ఎదురుగా వచ్చి వాలింది. సెలవు రోజుల్లో అక్కడ టికెట్ల కోసం వరసలు కడతారు. గంట, గంటన్నర ప్రయాణం చేస్తే చేరే పాండ్రంగి వైపు ఆ జనంలో వందో వంతు కూడా మళ్లడం లేదు. నగరానికి సముద్రం వైపు చూడడం అలవాటు. కొండల వైపు చూసే చరిత్ర దానికి వెనకవైపున ఉండిపోయింది.

సున్నమా, సిమెంటా?

పాత ఇల్లు కాపాడడమంటే కొత్త రంగులు వేయడం అనుకునేవాళ్లు ఎక్కువ. ఉత్తరాంధ్ర పాత ఇళ్లు మట్టి, ఇటుక, గానుగ సున్నం, కలప, పెంకు కలిసి కట్టినవి. సున్నపు గోడ ఊపిరి పీలుస్తుంది, లోపలికి వచ్చిన తడిని బయటికి వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే తడి లోపలే చిక్కుకుంటుంది. నాలుగు వానాకాలాలు తిరిగేసరికి పూత ఉబ్బి, పెచ్చులై రాలుతుంది. పైగా మేస్త్రీ ‘గోడ పాతదైపోయిందండీ’ అని తేల్చేస్తాడు. గానుగ సున్నం పని తెలిసిన చేతులు తగ్గిపోయాయి. బెల్లం నీళ్లు, కరక్కాయ కషాయం కలిపి సున్నం పదును చేయడం తెలిసినవాళ్లను వెతికి పట్టుకోవడమే ఏ పునరుద్ధరణలోనైనా మొదటి పని, అసలు ఖర్చు కూడా అక్కడే.

తీరప్రాంతపు బెడదలు వేరే ఉన్నాయి. ఉప్పు గాలి మేకుల్ని, తలుపు కీళ్లను తినేస్తుంది. చెదలు దూలాల్ని లోపలినుంచి డొల్ల చేస్తాయి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుపాను ఒక్క రోజులో ఈ ప్రాంతపు పెంకుటిళ్లను ఎలా విప్పేసిందో చూసినవాళ్లం. ఒకసారి బాగుచేసి రిబ్బను కత్తిరించిన ఇల్లు ఏటా వానలకు ముందు పెంకు సర్దే మనిషి లేకపోతే అయిదేళ్లలో మళ్లీ మొదటికొస్తుంది. ఇంటికి కాపురం ఉన్నవాళ్లు కావలసినట్టే మ్యూజియానికి జీతం తీసుకుని రోజూ తలుపు తెరిచే మనిషి కావాలి. పథకాల అంచనాల్లో భవనానికి లక్షలు, కోట్లు కనిపిస్తాయి. ఆ మనిషి జీతం పద్దు మాత్రం చాలాచోట్ల కనిపించదు.

ఇంకో చిక్కు కూడా ఉంది. ఎంతవరకు పాతది, ఎక్కడినుంచి కొత్తది? కూలిన గోడను తిరిగి లేపితే లేపామని రాసిపెట్టాలి. మార్చిన దూలాన్ని మార్చామని చెప్పాలి. లింకన్ గుడిసె నేర్పిన పాఠం అదే. నిజం చెప్పినందుకు అక్కడికి జనం రావడం మానలేదు, ఇంకా వస్తూనే ఉన్నారు.

వస్తువులు లేని మ్యూజియం

మ్యూజియం అంటే అద్దాల పెట్టెల్లో కళ్లద్దాలు, చేతికర్ర, పెన్ను, కోటు. ఇరవై ఏడేళ్లు నిండకుండా అడవిలో నేలకొరిగిన సన్యాసి ఏం మిగిల్చి వెళ్తాడు? రాజు రూపమైనా మన కళ్లలో నిలిచింది ఎక్కువగా విగ్రహాల నుంచి, 1974లో కృష్ణ నటించిన సినిమా నుంచే. కృష్ణకు అది నూరో చిత్రం. చింతపల్లి అడవుల్లోనే చాలా భాగం తీశారు. మధ్యలో దర్శకుడు వి.రామచంద్రరావు మరణిస్తే మిగతాది పూర్తిచేసి విడుదల చేశారు. ఊరూరా రాజు విగ్రహాలకు నమూనా ఇచ్చింది ఒక రకంగా ఆ వెండితెరే. ఫొటోగ్రాఫర్ ఇంట పుట్టినవాడికి మనం సినిమా ముఖం తగిలించుకోవాల్సి వచ్చింది.

అయితే రాజు గురించి శత్రువు రాసిపెట్టినంత మరెవరూ రాయలేదు. పోలీసు డైరీలు, కలెక్టర్ల నివేదికలు, తంతి వార్తలు, కోర్టు వాంగ్మూలాలు మద్రాసు ప్రెసిడెన్సీ రికార్డుల్లో ఉన్నాయి. వాటి నకళ్లు తెచ్చి తెలుగులో వివరణలతో పెడితే, పాండ్రంగి ఇంట్లో ఒక్క పాత వస్తువు లేకపోయినా మ్యూజియం నిండుతుంది. 1882 మద్రాసు అటవీ చట్టం పాఠం పక్కన పోడు సాగు అంటే ఏమిటో చూపించే బొమ్మ పెట్టాలి. నర్సీపట్నం నుంచి లంబసింగి దాకా రోడ్డు వేయించడానికి గూడెం డిప్యూటీ తహసీల్దారు బాస్టియన్ కొండవాళ్ల చేత ఎలా చాకిరీ చేయించాడో, చెప్పిన కూలి ఎంతో, చేతిలో పెట్టింది ఎంతో చెప్పాలి. అప్పుడు ఎనిమిదో తరగతి పిల్లకి పితూరీ (తిరుగుబాటు) ఎందుకు లేచిందో ఎవరూ ఉపన్యసించకుండానే అర్థమవుతుంది. రాజు తండ్రి వాడిన తరహా కెమెరా ఒకటి పెడితే, నల్లగుడ్డ కింద తల దూర్చి చూడడానికి పిల్లలు తోసుకుంటారు.

---
మూడు రోజులు, మూడు ఠాణాలు

• 1922 ఆగస్టు 22, చింతపల్లి: 11 తుపాకులు, 1,390 తూటాలు, 5 కత్తులు, 14 బాయొనెట్లు. తీసుకెళ్లిన సామగ్రి అంతా స్టేషన్ రికార్డులో రాసి రాజు సంతకం చేశాడు.
• ఆగస్టు 23, కృష్ణదేవిపేట: 7 తుపాకులు.
• ఆగస్టు 24, రాజవొమ్మంగి: 8 తుపాకులు. నిర్బంధంలో ఉన్న రాజు సహచరుడు వీరయ్యదొర విడుదల.
• మొత్తం 26 తుపాకులు. నెల తిరిగేసరికి సెప్టెంబర్ 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవర్డ్, హైటర్ అనే ఇద్దరు బ్రిటిష్ అధికారులు మరణించారు. తరువాత రాజు దళం అడ్డతీగల ఠాణా మీదికి వస్తున్నామని ముందే కబురు పంపి మరీ వెళ్లింది.
---

నాలుగు ముక్కలైన కథ

రాజు జీవితాన్ని వరసగా చూడాలంటే నేడు నాలుగు జిల్లాలు తిరగాలి. పుట్టింది విశాఖపట్నం జిల్లాలో. పూర్వీకుల ఊరు పశ్చిమ గోదావరి జిల్లాలో. సమాధి ఉన్న కృష్ణదేవిపేట అనకాపల్లి జిల్లా గొలుగొండ మండలంలో. చింతపల్లి ఠాణా, ప్రాణం విడిచిన కొయ్యూరు అల్లూరి జిల్లాలో. ఒక్కోచోట ఒక్కో శాఖ, ఒక్కో కమిటీ, ఒక్కో శిలాఫలకం. ఒకచోట ఉద్యానవనం, ఇంకోచోట ధ్యానమందిరం. చింతపల్లి మండలం తాజంగిలో గిరిజన స్వాతంత్ర్య సమరయోధుల మ్యూజియం తలపెట్టారు. వీటిని కలిపే దారం లేదు. పాండ్రంగి వచ్చినవాడికి తరువాత ఎటు వెళ్లాలో చెప్పే బోర్డు కావాలి. ఏవీఎన్ కళాశాల గేటు దగ్గర ‘రాజు ఇక్కడ చదివాడు, ఇక్కడినుంచి తుని వెళ్లాడు’ అని రెండు వాక్యాలు కావాలి. ఒకే టికెట్టు మీద, ఒకే పటం మీద ఈ చోట్లన్నీ రావాలి. పాఠశాలల విహారయాత్రలు ఈ దారిన నడిస్తే అరకు రైలెక్కినంత సరదాగానూ ఉంటుంది, పాఠ్యపుస్తకంలో పేరాగా మిగిలిన పితూరీ కాళ్ల కింద నేలగానూ తెలుస్తుంది.

ఊరికి వచ్చే మేలు సంగతీ చూడాలి. ఏడాదికి ఒక్క రోజు వచ్చే కార్ల వల్ల పాండ్రంగికి ఒరిగేది తక్కువ. వారానికి రెండు బస్సుల పిల్లలు వస్తే టీ కొట్టు నడుస్తుంది, కూరగాయలమ్మే అవ్వకి బేరం దొరుకుతుంది. ఇంటర్ చదివిన ఊరి అమ్మాయికి సందర్శకులకు కథ చెప్పే ఉద్యోగం వస్తుంది. స్మారకం పక్కన ఉన్న ఊరు బాగుపడితేనే ఆ స్మారకాన్ని ఊరు తనదనుకుంటుంది. లేకపోతే గోడ మీద పిడకలు కొట్టినా అడిగేవాళ్లుండరు.

---
వెళ్లాలంటే

విశాఖ నుంచి జాతీయ రహదారి మీద ఆనందపురం చేరి పద్మనాభం వైపు మళ్లాలి. భీమిలి నుంచి కూడా దారి ఉంది. అదే ప్రయాణంలో పద్మనాభం కొండ మీది అనంత పద్మనాభస్వామి ఆలయం, 1794 యుద్ధభూమి చూడొచ్చు. ఓపికుంటే విజయనగరం వెళ్లి గురజాడ వారి ఇల్లు చూసి రావొచ్చు. వానలు తగ్గాక, కార్తీకం నుంచి మాఘం దాకా ఈ దారులు హాయిగా ఉంటాయి.
---

కొండ మీది ఇళ్ల మాట

రంపా పితూరీ రాజు ఒక్కడి కథ కాదు. అతను పుట్టకముందే, 1879–80లో, అదే కొండల్లో ముఠాదారులు, కొండరెడ్లు, కోయలు తిరగబడ్డారు. రాజు వచ్చేనాటికి నిప్పు అక్కడే ఉంది. బట్టిపనుకుల మునసబు గాం గంటందొర, అతని తమ్ముడు గాం మల్లుదొర, ఇంకా ఎందరో అతని కుడిభుజాలయ్యారు. ఠాణాల మీదికి నడిచిన కాళ్లు వారివి. దాచిపెట్టిన గుడిసెలు వారివి. మలబార్ పోలీసులు, అస్సాం రైఫిల్స్ వచ్చాక కాలిన ఊళ్లు, పస్తులున్న పిల్లలు కూడా వారివారే. రాజు మరణించిన నెలకే, 1924 జూన్‌లో, గంటందొర తూటాలకు బలయ్యాడు.

పుట్టిల్లు మనకు ఒక మనిషి ఎక్కడ మొదలయ్యాడో చెబుతుంది. అతణ్ని వీరుణ్ని చేసినవాళ్ల ఇళ్లు ఎక్కడున్నాయో చెప్పదు. పాండ్రంగి ఇంటికి ఆ లోటు తీర్చే వీలుంది. అందులో ఒక గది గోడ మొత్తం కొండవాళ్ల పేర్లకు ఇవ్వాలి. రికార్డుల్లో శిక్షలు పడ్డవారి పేర్లు, ఊళ్లు, వయసులు ఉన్నాయి. తెలుగుతో పాటు కోయలో, కువిలో కూడా ఆ కథ వినిపించాలి. చింతపల్లి, కొయ్యూరు పిల్లలు బస్సు దిగి లోపలికి వచ్చినప్పుడు వాళ్ల తాతల పేర్లు వాళ్లే చదువుకోవాలి. మైదానపు పిల్లలు పక్కనే నిలబడి వినాలి.

ఇదేమీ కొత్త ఆలోచన కాదు. విశాఖ ఓటర్లు ఎప్పుడో చేసి చూపించారు. తెల్లవాళ్లు శిక్షవేసి అండమాన్‌కు పంపిన గాం మల్లుదొర తిరిగొచ్చి, 1952లో స్వతంత్ర భారతం జరిపిన తొలి ఎన్నికల్లో విశాఖపట్నం స్థానం నుంచి స్వతంత్ర అభ్యర్థిగా నిలబడ్డాడు. జనం గెలిపించి లోక్‌సభకు పంపారు. రాజు పక్కన నడిచిన కొండమనిషికి ఈ ప్రాంతం పార్లమెంటులో చోటిచ్చి డెబ్భై ఏళ్లు దాటింది. మ్యూజియంలో ఒక గది ఇవ్వడానికి ఇంకా ఆలోచించాల్సిన పనిలేదు.